ఒసాకాలో ఏమండీగారు

తిరుత్తణి ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల వర్తకుల సంఘంవారు తమ ఉపాధ్యక్షులు శ్రీ ఆదికేశవులుగారిని జపాన్ దేశానికి పంపుతున్నారన్న వార్త ఏప్రిల్ నెలాఖరున బజారువీధిలో అధికారికంగా వెలువడింది. పంపుతున్నారంటే విమానం టిక్కెట్లు సంఘం కొన్నదని కాదు. టిక్కెట్లు కొన్నది ఆయన కూతురు మధుమిత. కాట్టుపల్లి రేవులో సరకుల కంపెనీలో ఉద్యోగం చేసే ఆ అమ్మాయి, అమ్మానాన్నల ముప్పయ్యో పెళ్లిరోజుకు వేసవి సెలవుల కానుకగా ఒసాకా నగరంలో ఏడు రోజులు గది తీసింది. సంఘం చేసిందల్లా తీర్మానం. మన దేశంలో చాలా ఘనకార్యాలు ఈ పద్ధతిలోనే జరుగుతాయి కాబట్టి ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

ఆ తీర్మానం చరిత్రాత్మకమైనది. "ఒసాకా అనునది వ్యాపారుల నగరము అయినందున, అచ్చటి శుభ్రత, క్రమశిక్షణ, సమయపాలన అను మూడు అంశములను ఉపాధ్యక్షులవారు సమగ్రముగా పరిశీలించి సంఘమునకు నివేదిక సమర్పించవలెను" అని పదకొండుమంది సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. అయిదు గంటలకు పిలిచిన సమావేశం ఏడుకు పావుతక్కువకు మొదలైంది. టీ తాగిన కాగితం కప్పులను సభ్యులు కిటికీలోంచి వీధిలోకి విసిరి, శుభ్రత అన్న మాట దగ్గర చప్పట్లు కొట్టారు. వచ్చే ఆవణి నెలలో, అంటే ఆగస్టులో, సంఘం ఎన్నికలు. అధ్యక్షులు చౌడయ్యగారు ఈసారి తప్పుకుంటారన్న పుకారు ఉంది. జపాన్ చూసివచ్చిన మనిషికి ఎదురు నిలబడే ధైర్యం ఎవర్‌సిల్వర్ రంగంలో ఎవరికీ ఉండదని ఆదికేశవులుగారికి తెలుసు.

తీర్మానంలో అమృతవల్లి పేరు లేదు. ఆమె ఆదికేశవులుగారి భార్య. ఆయన పాత్రల కొట్టు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఆమెకూ చోటు ఇచ్చారు. "జపాన్ పర్యటనకు బయలుదేరు దంపతులకు శుభాకాంక్షలు" అన్న అక్షరాల కింద ఎడమవైపు ఆదికేశవులుగారి నిలువెత్తు ఫోటో, కుడివైపు ఆమె ఉండవలసిన చోట ఒక తామరపువ్వు. ఇంటి ఆడవాళ్ళ ఫోటో వీధిలో పెట్టకూడదన్న మర్యాద కొద్దీ అలా చేశారు. తామరపువ్వు బాగానే వచ్చింది.

ఇక్కడ ఆ బజారువీధి సంప్రదాయం ఒకటి చెప్పాలి. అక్కడ భర్త ముందు నడుస్తాడు, భార్య వెనక నడుస్తుంది. ఏ శాస్త్రంలో రాసి ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని ఎవరూ దాటలేదు. పెళ్లయిన కొత్తలో మధ్య దూరం ఆరడుగులు. బిడ్డ పుట్టాక పది. షష్టిపూర్తి నాటికి ఆయన కొండ పాదం చేరితే ఆమె రైల్వేగేటు దగ్గర ఉంటుంది. అమృతవల్లిది ఇంకా పది అడుగుల సంసారమే. కొండకు మూడువందల అరవై అయిదు మెట్లూ ఆమె ఆయన వీపు చూస్తూనే ఎక్కింది. మెడ వెనక పుట్టుమచ్చ, ఎడమ భుజం కాస్త వంగి ఉండటం, తల గోక్కునే తీరు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ముఖం సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. ఆయనకు ఆమె గురించి తెలిసింది ఒక్క అక్షరం. ఆయన ముందు నడుస్తూ లోకం పోకడ వివరిస్తాడు, వెనకనుంచి "ఊఁ" అని వినబడుతుంది. వినబడిందంటే ఆమె ఉన్నట్టు లెక్క.

ఇంకో సంప్రదాయం పేరుకు సంబంధించింది. భర్త పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. ముప్పయ్యేళ్ళలో అమృతవల్లి ఆ పేరును ఒక్కసారీ పలకలేదు. పెరుమాళ్ళ ఇరవై నాలుగు నామాలు చదివేటప్పుడు కూడా మొదటిదైన కేశవను వదిలేసి నారాయణతో మొదలుపెడుతుంది. పెరుమాళ్ళు ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

ఈ ప్రయాణానికి అసలు కారణం ఒకటుంది. కిందటి దీపావళినాడు అమృతవల్లి మురుకులు వత్తుతూ కూతురితో ఒక మాట అంది. "మీ నాయన పక్కన ఒక్కసారి నడవాలని ఉండాది పాపా. ఈడయితే అందురూ చూస్తారు, సిగ్గు. మనల్ని ఎవురూ ఎరగని ఊరు ఒకటి యాడన్నా ఉంటే బాగుండు."

మధుమిత నవ్వలేదు. "కండిప్పా, తప్పకుండా ఉంటాదిమా, నేను చూస్తా" అంది. చూసి చూసి ఒసాకా తేల్చింది. అంటే ఒక స్త్రీ తన మొగుడి పక్కన నడవడానికి అయిదువేల కిలోమీటర్లకు పైగా పోవలసి వచ్చిందన్నమాట. అంతకంటే దగ్గరలో మనకు అనువైన చోటు దొరకలేదు.

ఆదికేశవులుగారు తిరువళ్ళూరు వెళ్లి, దేవేంద్రన్ అనే పేరుపొందిన టైలరు దగ్గర నాలుగు తెల్ల చొక్కాలు, నాలుగు నల్ల ప్యాంట్లు కుట్టించుకున్నారు. "జపాన్‌లో ఆఫీసుకు పొయ్యే మగోళ్ళంతా ఇదే వేస్తారు సార్, యూట్యూబ్‌లో చూసినా" అని దేవేంద్రన్ హామీ ఇచ్చాడు. ఆ టైలరు చెప్పింది అక్షరాలా నిజం. జరిగిన అనర్థమంతా దానివల్లనే.

మే నాలుగో తేదీ, మండువేసవి కత్తిరి ఎండ మొదలైన రోజున సాగనంపు సభ జరిగింది. చౌడయ్యగారు మైకు పట్టుకుని ప్రసంగించారు. "సభకు నమస్కారం! మన ఆదికేశవులు అన్న పోతా ఉండేది సరదాకు కాదు. సరదాకు పొయ్యేటోళ్ళు ఊటీకి పోతారు, ఏర్కాడుకు పోతారు. అన్న పోతా ఉండేది మన జాతి కోసరం! ఇది సాదా విషయమా? ఆ జపాన్‌వాడి క్రమశిక్షణను ఒక డబ్బాలో వేసి మూతపెట్టి తిరుత్తణికి తెస్తాడు. ఆ డబ్బా కూడా ఎవర్‌సిల్వరే అయ్యుంటాది!" చప్పట్లు మోగాయి. పది అడుగుల వెనక నిలబడ్డ అమృతవల్లికి కూడా ఒక శాలువా కప్పారు. ఎండ నూట ఎనిమిది డిగ్రీలు.

ఫోన్ల విషయంలో ఆదికేశవులుగారు దూరదృష్టితో వ్యవహరించారు. విదేశంలో పనిచేసే సిమ్ము ఒకటే తీసుకున్నారు. "ఇద్దురం ఒగే చోట ఉంటాం గదా, రెండెందుకు?" అన్నారు. ఆమె ఫోను కొట్లో ఉండిపోయింది, ఆ నెంబరుకు గిరాకీలు ఫోన్లు చేస్తారని. రెండు పాస్‌పోర్టులూ, హోటల్ కార్డూ, మధుమిత రాసిచ్చిన కాగితమూ ఆయన జేబులోనే. కూతురి నెంబరు అమృతవల్లికి నోటికి రాదు. అది ఫోనుకు తెలుసు కాబట్టి ఆమె తెలుసుకోలేదు. ఈ విషయంలో మనమందరమూ ఆమెతో సమానులమే.

ఒసాకాలో మొదటి మూడు రోజులు నివేదిక పని ముమ్మరంగా సాగింది. ఆ మహానగరంలో వీధుల్లో చెత్తకుండీ అనేది కనబడదు. ఎవరి చెత్త వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. ఆదికేశవులుగారు దీన్ని ఎంతో మెచ్చుకుని, అరటితొక్క, జ్యూసు డబ్బా, నలిపిన కాగితం ఎప్పటికప్పుడు చెయ్యి వెనక్కి చాచి అమృతవల్లికి అందించారు. సాయంత్రానికి జపాన్ దేశపు శుభ్రత మొత్తం ఆమె చేతిసంచీలో ఉండేది.

కదిలే మెట్ల మీద అక్కడ కుడివైపు నిలబడాలి, తొందరగా పోయేవాళ్ళకు ఎడమవైపు వదలాలి. ఆయన ఎడమవైపున గబగబా ఎక్కేవారు, ఆమె కుడివైపున బుద్ధిగా నిలబడేది. పది అడుగులు కాస్తా ముప్పయ్యయ్యాయి. రోడ్డు దాటే చోట ఆయన దాటగానే ఎర్రదీపం పడింది. అటువైపునుంచి ఆయన "వచ్చేసెయ్!" అని చెయ్యి ఊపారు. బండి ఒక్కటీ రావడం లేదు. అయినా నలభైమంది జపాన్‌వాళ్ళు కదలకుండా నిలబడ్డారు. వాళ్ళతో పాటు అమృతవల్లీ నిలబడింది. క్రమశిక్షణ అన్న అంశం కింద ఆయన ఆ రాత్రి అరపేజీ రాసుకున్నారు, ఆమెను కూడా రెండు మాటలు అన్నారు.

కోట చూశారు. నది చూశారు. నది పక్కన ముసలి జంట ఒకటి చేతిలో చెయ్యి వేసుకుని మెల్లగా పోతుంటే అమృతవల్లి ఆగి చూసింది. తరువాత గబగబా నాలుగడుగులు వేసి ఆయన పక్కకు చేరింది. "వెనకాల బండ్లు వస్తాయి, ఎనక్కి రా" అన్నారాయన. ఆ దారిలో బండ్లు తిరగవు. ఆమె "ఊఁ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని వేల మంది కొత్త ముఖాల మధ్య కూడా తనకు వీపే మిగిలిందని బాధపడింది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

నాలుగోరోజు ఉమెద అనే చోటికి వెళ్లారు. అక్కడ రైల్వేస్టేషన్లూ, భూమి కింద బజార్లూ, వాటికి ఆనుకుని పన్నెండంతస్తుల అంగళ్ళూ ఒకదాన్లోంచి ఒకటి మొలుచుకొచ్చి ఉంటాయి. సమయం సాయంత్రం ఆరు. ఆఫీసులు వదిలిన వేళ. ఆదికేశవులుగారు చేతులు వెనక్కి కట్టుకుని సమయపాలన గురించి ఉపన్యసిస్తూ ముందు నడుస్తున్నారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. అమృతవల్లి పది అడుగుల వెనక, చూపు ఆ చొక్కా మీద నిలిపి నడుస్తోంది. ఎదురుగా రైలు దిగిన జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. అయిదారువందల మంది మగవాళ్ళు. అందరిదీ తెల్ల చొక్కా, అందరిదీ నల్ల ప్యాంటు. తిరువళ్ళూరు దేవేంద్రన్‌ను చూసి గర్వపడవలసిన దృశ్యం.

జనం పలచబడ్డాక ఆమెకు ముందు ఒక తెల్ల చొక్కా కనబడింది. ఎడమ భుజం కూడా కాస్త వంగే ఉంది. ఆమె నిశ్చింతగా వెంట నడిచింది. ఆ చొక్కా ఒక పెద్ద అంగట్లోకి దూరింది, తినుబండారాల అంతస్తు దాటింది, చేపలు అమ్మే చోట ఆగి ఒక పొట్లం కట్టించుకుంది. చేపలా! అమృతవల్లి రెండడుగులు దగ్గరికి జరిగింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో గుడ్డు కూడా ముట్టని మనిషి. పుట్టుమచ్చ కోసం మెడ వైపు చూసింది. లేదు. ఆ మనిషి తిరిగి చూసి, తన వెనక సంచీతో నిలబడ్డ పట్టుచీర ఆవిడకు వంగి నమస్కారం పెట్టి, ఎందుకైనా మంచిదని క్షమాపణ కూడా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదికేశవులుగారు ఆ సమయంలో అదే అంగట్లో ఏడో అంతస్తులో ఉన్నారు. ఈ సంగతి తరువాత తెలిసింది. పాత్రల విభాగం ఎక్కడున్నా ఆయన కాళ్ళు అటే పోతాయి. కెటిళ్ళ అరల మధ్య నడుస్తూ ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. "చూసినావా, మూత ఎంత బిగువుగా ఉండాదో?" "ఊఁ" అని వెనకనుంచి వినబడింది. "మనోళ్ళకు ఈ పనితనం ఎప్పుడొస్తాది?" "ఊఁ." జపాన్ భాషలో కూడా అవునన్న మాటకు ఇళ్ళలో "ఊఁ" అనే అంటారు. ఆయన వెనక ఒక ముసలావిడ చెవికి ఫోను ఆనించుకుని తన చెల్లెలు చెప్పేదంతా వింటూ వస్తోంది. ఆ చెల్లెలికి చెప్పుకోవలసింది చాలా ఉన్నట్టుంది. ఆదికేశవులుగారికి అనుమానం రాలేదు. పైగా ఈవేళ ఊఁలు కాస్త శ్రద్ధగా వస్తున్నాయని లోలోపల సంతోషించారు.

కింద అమృతవల్లి విచారణ బల్ల దగ్గరికి చేరింది. అక్కడ టోపీ, తెల్ల చేతితొడుగులు వేసుకున్న అమ్మాయి ఒక చిన్న యంత్రం ముందు పెట్టింది. అందులో మనం తెలుగులో మాట్లాడితే జపాన్ భాషలో పలుకుతుంది, ఆ అమ్మాయి మాటలను తెలుగులో తిప్పి చెబుతుంది. అమృతవల్లికి ప్రాణం లేచివచ్చింది.

"మా ఇంటాయన కనపడలేదమ్మా" అంది.

యంత్రం ఆలోచించింది. "మీ ఇల్లు కనబడకపోవడం విచారకరం. ఇల్లు చివరిసారిగా ఎక్కడ చూశారు?" అంది.

"ఇల్లు కాదమ్మా, నా మొగుడు!"

"అర్థమైంది. భర్త పేరు చెప్పండి."

అమృతవల్లి చెయ్యి అడ్డంగా ఊపింది. "పేరు చెప్పకూడదు" అంది.

"భర్త పేరు రహస్యమా? పోలీసులను పిలవాలా?"

"అయ్యయ్యో, రహస్యం లేదు, ఏం లేదు. పెరుమాళ్ళ పేరు ఉండాదే, ఆ పేర్లలో మొదటి పేరు. అదే ఆయన పేరు."

యంత్రం ఈసారి చాలాసేపు ఆలోచించింది. అది ఏమని చెప్పిందో గాని ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి నడుము వంచి నమస్కరించింది. "మీ భర్త దేవుడని అర్థమైంది. ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నారు?"

"తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు."

ఆ అమ్మాయి హాలంతా ఒకసారి కలయజూసింది. ఆ గుర్తులు గల దేవుళ్ళు అక్కడ రెండువందల మంది ఉన్నారు. అయినా ఆ దేశపు ఉద్యోగులకు విసుగు నేర్పలేదు కాబట్టి ఇంకో ప్రశ్న వేసింది. "ఇంట్లో మీరు ఆయన్ని ఏమని పిలుస్తారు?"

"ఏమండీ అంటా."

అమ్మాయి ముఖం విప్పారింది. కాగితం మీద రాసుకుంది, రెండుసార్లు పలికి చూసుకుంది. తరువాత పన్నెండు అంతస్తుల్లోనూ మెత్తని గంట మోగి, తేనెలాంటి గొంతు వినబడింది. "ఏమండీ సమ! ఏమండీ సమ! మొదటి అంతస్తులో మీ కోసం ఎదురుచూస్తున్నారు." సమ అంటే వాళ్ళ భాషలో గారు. అదే కబురు ఇంగ్లీషులోనూ చెప్పారు.

మూడు నిమిషాల్లో ముగ్గురు వచ్చారు. మొదటివారు విజయవాడనుంచి యాత్రాబృందంతో వచ్చిన పదవీవిరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి. ఆయన భార్య సంచులతో వెనకే పరుగెత్తుకొస్తూ "నేను పిలవలేదండీ, నేను మీ పక్కనే ఉన్నా కదండీ!" అంటోంది. రెండోవాడు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. అతని భార్య అతన్ని పేరుపెట్టే పిలుస్తుంది. "మా అమ్మ మా నాన్నని అలానే పిలుస్తుందాంటీ, వినగానే కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి" అన్నాడు. మూడో ఆయన తిరుపతివారు. ఆయన వగరుస్తూ వచ్చి, తనను ఎవరు పిలిచారో కూడా చూడకుండా "ఏం మర్చిపోయినా?" అని అడిగాడు. ముగ్గురూ బల్ల ముందు వరసగా నిలబడ్డారు. టోపీ అమ్మాయి యంత్రంలో ఎంతో గౌరవంగా అడిగింది. "ఈ ముగ్గురిలో మీ దేవుడు ఎవరు?"

ముగ్గురిలో ఎవరూ కాదు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ గంట మోగింది. ఆదికేశవులుగారు ఏడో అంతస్తులో ఆ పిలుపు స్పష్టంగా విన్నారు. విని తల పంకించి, "ఎవురో ఆడమనిషి మొగుణ్ణి పోగొట్టుకొనింది చూడు, రొంబ అజాగర్త" అన్నారు. "ఊఁ" అని వినబడింది.

పది నిమిషాలు గడిచాయి. అమృతవల్లి చుట్టూ చూసింది. భాష తెలియదు, హోటల్ పేరు తెలియదు, ఊళ్ళో రెండుకోట్ల తెల్ల చొక్కాలున్నట్టు తోచింది. పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందంటారు. చెప్పకపోతే మనిషే లేడు. ఏ నష్టం తక్కువో ఒక్క క్షణం ఆలోచించి, కళ్ళు తుడుచుకుని, ఆ అమ్మాయి చేతిలోని మైకు అందుకుంది.

"ఆదికేశవులూ!"

పన్నెండు అంతస్తులు ఆ పేరును విన్నాయి. ముప్పయ్యేళ్ళుగా గొంతులో అణచిపెట్టిన పేరు కాబట్టి కాస్త గట్టిగానే వచ్చింది. చేపల దగ్గర బేరాలు ఆగాయి. "ఆదికేశవులూ! ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. నేను లేను."

ఆదికేశవులుగారు వెనక్కి తిరిగి చూశారు. చెవికి ఫోను ఆనించుకున్న జపాన్ ముసలావిడ ఆయనకేసి చూసి ఎంతో ఆప్యాయంగా "ఊఁ" అంది.

ఏడో అంతస్తునుంచి ఆయన ఎలా దిగారో ఆయనకే తెలియదు. కదిలే మెట్ల మీద కుడివైపు నిలబడ్డవాళ్ళను తోసుకుంటూ, సమగ్ర పరిశీలనలోని రెండో అంశాన్ని తుంగలో తొక్కుతూ వచ్చిపడ్డారు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. ముఖం పాలిపోయింది. ఆ ముఖాన్ని అమృతవల్లి తీరిగ్గా చూసింది. కళ్ళ కింద నలుపు, మీసంలో తెలుపు, భయపడితే చిన్నపిల్లాడిలా వణికే పెదవి. ఆమెకు ఆయన మీద జాలి, ప్రేమ, కోపం మూడూ ఒకేసారి కలిగాయి. వాటిలో ప్రేమే ఎక్కువని ఆమెకు తెలిసిపోయింది.

ఆయన అలవాటుగా తిట్టబోయి నోరు తెరిచారు. ఎదురుగా ముగ్గురు మొగుళ్ళు వరసలో నిలబడి చూస్తున్నారు. టోపీ అమ్మాయి ఆయన తప్పిపోయినందుకు తానే క్షమాపణ చెబుతోంది. ఆయన నోరు మూసుకున్నారు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, "నా పేరు నీ నోట్లో బాగుండాదే" అన్నారు. తరువాత, "ఇంకమీదట పక్కనే రా" అన్నారు. ముగ్గురు మొగుళ్ళూ చప్పట్లు కొట్టారు. బ్యాంకు ఉద్యోగి భార్య మాత్రం చప్పట్లు కొట్టకుండా తన భర్తవైపు చూసింది.

పక్కపక్కన నడవడం చూసినంత తేలిక కాదు. మొదటి రోజు భుజాలు కొట్టుకున్నాయి. ఎవరు ఏ వైపో తేలలేదు. ఆయన నడక వేగం ఎక్కువ, ఆమె ఆగి చూసేవి ఎక్కువ. సంచీ ఎవరు పట్టుకోవాలన్న దాని మీద ఇరవై నిమిషాల చర్చ జరిగి, చెరొక చెవి పట్టుకోవడంతో ముగిసింది. అన్నిటికంటే విచిత్రం, ఆమెకు ఊఁ కాక ఇంకా చాలా మాటలు వచ్చునని ఆయనకు తెలిసింది. ఆయన పొగిడిన కెటిల్ మూత మరీ బిగువుగా ఉంటే ముసలివాళ్ళు ఎట్లా తీస్తారని ఆమె అడిగింది. కొట్లో పాత్రల అమరిక గురించి ఆమె ఆరు సలహాలు చెప్పింది, అన్నీ పదేళ్ళ పాతవి. "ఇన్నాళ్ళు చెప్పలేదే?" అంటే, "మీ వీపుకు చెప్పినా, వినపడలేదేమో" అంది. ఆయన నది గట్టు మీద పగలబడి నవ్వారు. మిగిలిన మూడు రోజుల్లో వాళ్ళు చూసిన ఒసాకా, మొదటి మూడు రోజుల ఒసాకా ఒకటే ఊరని నమ్మడం కష్టం. నివేదికలో ఆ రోజులకు సంబంధించిన పేజీలు ఖాళీ.

తిరుగుప్రయాణంలో చెన్నైలో లోకల్ రైలు ఎక్కారు. ఆవడి వరకు ఆయన ఆమె భుజానికి ఆనుకుని నిద్రపోయారు. తిరువళ్ళూరు దాటగానే నిటారుగా కూర్చున్నారు. దువ్వెన తీశారు, చొక్కా సర్దారు, గొంతు సవరించుకున్నారు. ఉపాధ్యక్షులు మళ్ళీ ఒంట్లోకి వస్తున్నట్టు అమృతవల్లికి అర్థమైంది. ఏడు రోజుల కానుక అయిపోయిందని కిటికీవైపు తిరిగి కూర్చుంది. తిరుత్తణిలో దిగగానే ఆయన కాళ్ళు పాత అలవాటుగా ఆరడుగులు ముందుకు వేశాయి. అక్కడ ఆగాయి. ఆయన వెనక్కి తిరిగి, "రా" అన్నారు. ఇద్దరూ బజారువీధిలో సంచీ చెరొక చెవి పట్టుకుని పక్కపక్కన నడిచారు.

బజారు నిర్ఘాంతపోయింది. కొలతలు ఆగిపోయాయి. ఎవరో లేచి నిలబడ్డారు. ఇల్లు చేరేలోపు వార్త వాళ్ళకంటే ముందు పోయింది. అరగంటలో ఇంటి ముందు పదహారు జతల చెప్పులు. కొందరు కమలాపండ్లు తెచ్చారు, కొందరు బ్రెడ్డు, ఒకరు గ్లూకోజు పొడి తెచ్చారు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. చౌడయ్యగారు లేతకొబ్బరి బోండాలతో వచ్చి ఆదికేశవులుగారి చెయ్యి పట్టుకున్నారు.

"ఏమాయ అన్నా? కాలా, కన్నా?"

"ఏంది?"

"దాచొద్దన్నా. పెండ్లాం పక్కన పట్టుకోని నడిపిస్తా ఉంటే అందురూ చూసినారు. ఆ జపాన్ నీళ్ళు పడలేదా? ఎలెక్షన్ గురించి నువ్వు దిగులు పడొద్దు, ఆరోగ్యం ముఖ్యం. నేనే ఇంకో మూడేండ్లు మోస్తా."

అందరి ముఖాలూ ఆయనవైపు తిరిగాయి. వంటింటి గుమ్మంలో అమృతవల్లి కాఫీ పళ్ళెంతో నిలబడిపోయింది. ఒక్క మాట చాలు. నాకేం జబ్బు లేదు, ఏదో రైల్వేస్టేషన్‌లో జనం ఎక్కువైతే పక్కన వచ్చింది అంటే చాలు, పరువూ మిగులుతుంది, అధ్యక్ష పదవీ మిగులుతుంది. రేపటినుంచి మళ్ళీ పది అడుగులు. ఆయన ఆ పదహారు ముఖాలనూ చూశారు. తరువాత గుమ్మంవైపు తిరిగి ఆమె ముఖం చూశారు.

"మోకాలు" అన్నారు ఆదికేశవులుగారు.

"అయ్యో!" అంది సభ.

"రెండు మోకాళ్ళూ. జపాన్ డాక్టర్ చెప్పినాడు. ఇంకమీదట ఒంటిగా నడవకూడదంట. పొద్దునా సాయంత్రం పక్కన ఆమె ఉండాల్నంట. కావాలంటే చెయ్యి కూడా పట్టుకోవచ్చునంట."

వైద్యుడి ఆజ్ఞ కాబట్టి ఎవరూ కాదనలేదు. ఎన్నికల్లో చౌడయ్యగారే మళ్ళీ ఏకగ్రీవంగా గెలిచారు. ఉపాధ్యక్షులవారి అనారోగ్యం పట్ల సంఘం ప్రగాఢ విచారం ప్రకటిస్తూ తీర్మానించింది. ఆ విచారకరమైన దంపతులు రోజూ సాయంత్రం ఆరుగంటలకు చెయ్యి చెయ్యి పట్టుకుని, ఏదేదో వాదించుకుంటూ, నవ్వుకుంటూ, బజారువీధి పొడవునా నడుస్తున్నారు. జనం వాళ్ళను చూసి జాలిపడి దారి ఇస్తున్నారు.

ఎన్నికలు ముగిసిన పదిహేను రోజుల తరువాత పక్కవీధి సుమతి చక్కెర అడగడానికి వచ్చి, తీసుకున్న చక్కెర అక్కడే మరిచి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, ఆ జబ్బు మా ఆయనకు ఎట్ల తెప్పించేది?"

ప్రస్తుతం తిరుత్తణి బజారువీధిలో ఆరుగురు భర్తలకు మోకాళ్ళ నొప్పి. అధ్యక్షులు చౌడయ్యగారికి గత శుక్రవారం మొదలైంది. ఒక్కరూ డాక్టరు దగ్గరికి పోలేదు. పాఠకులారా, మీ వీధిలో మాత్రం అందరి మోకాళ్ళూ గట్టిగానే ఉన్నాయని తెలిసింది. మా ప్రగాఢ సానుభూతి స్వీకరించండి.